కలిసి పట్టిన కౌలు, కలిసి కొన్న భూమి

ప్రతి ఏడాదీ జూన్‌లో మన హాస్టల్‌లో కొత్తగా చేరే తమ్ముళ్ళకు దరఖాస్తు ఫారాలు నింపిపెట్టే పని సీనియర్లది. వార్డెన్ గారి గది బయట బెంచీ మీద కూర్చుని పేరు, ఊరు, కులం, ఆదాయం అని ఒక్కో గడీ నింపుకుంటూ పోతాం. 'తండ్రి వృత్తి' అన్న గడీ దగ్గర చాలామంది చెప్పే జవాబు ఒకటే: వ్యవసాయం. 'ఎన్ని ఎకరాలు తమ్మీ?' అని అడిగితే మాత్రం గొంతు తగ్గుతుంది. 'సొంతానికి లేదన్నా, కౌలుకు చేస్తం' అంటాడు. ఒకప్పుడు అదే బెంచీ మీద మేమూ అదే జవాబు చెప్పాం.

వ్యవసాయం చేసేవాడికి భూమి లేదు. భూమి ఉన్నాయన వ్యవసాయం చేయడు. ఈ మాట వింటూనే పెరిగాం కాబట్టి మనకు ఇందులో వింత ఏమీ కనిపించదు. అయితే ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా పనికొచ్చే వ్యాసం రాయాలని కూర్చున్నప్పుడు మాకు ఈ ప్రశ్నే ముందుకొచ్చింది. భూమి లేనివాళ్ళు పదిమంది కలిసి సంఘంగా నిలబడితే వాళ్ళకు భూమి అందుతుందా? ఎక్కడైనా అందిందా? అందితే ఎలా అందింది, ఎక్కడ ఆగిపోయింది? మేము చదివి తెలుసుకున్నదీ, మన ఇళ్ళల్లో చూసిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

మన చుట్టూ ఉన్న భూమి

ముందు మన పెద్ద అంబర్‌పేటనే చూద్దాం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, హయత్‌నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద వస్తే ఔటర్ రింగ్ రోడ్డు కలిసేది ఇక్కడే. రింగ్ రోడ్డు వచ్చాక ఇక్కడ భూమిని ఎకరాల్లో అడిగేవాళ్ళు తగ్గిపోయారు, గజాల్లో అడుగుతున్నారు. ఒకప్పుడు జొన్న, కంది, ఆముదం పండిన చెలకల్లో ఇప్పుడు హద్దురాళ్ళు కనిపిస్తాయి. ప్లాట్లు చేసి అమ్మిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఇల్లు లేవని జాగాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో వయ్యారిభామ మొక్క తప్ప మరేమీ పెరగదు.

ఇంకోవైపు, తినేవాళ్ళు మనకు ఇంత దగ్గరగా ఎప్పుడూ లేరు. గడ్డిఅన్నారంలో ఉన్న పండ్ల మార్కెట్టు తరలి మన పక్కనే బాటసింగారం వచ్చింది. సరూర్‌నగర్ రైతు బజారు బస్సు దూరంలో ఉంది. మెట్ట వ్యవసాయం మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ 'క్రీడా' వారి పొలం హయత్‌నగర్‌లోనే ఉంది. అంటే కొనేవాళ్ళు దగ్గర, సలహా దగ్గర, పనిచేసే చేతులు ఉన్నాయి, ఖాళీ నేల కూడా ఉంది. లేనిదల్లా ఆ చేతులకూ ఆ నేలకూ మధ్య దారి.

ఎందుకు లేదో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఎకరం కోటి రూపాయలే అనుకుందాం. ఖర్చులు పోను ఆ ఎకరం మీద ఏడాదికి 30 వేలు మిగిలాయనుకుందాం. ఆ మిగులు మొత్తం దాచినా ఎకరం కొనడానికి మూడు వందల ఏళ్ళకు పైగా పడుతుంది. ఇక్కడి ధర పంటను చూసి పెట్టింది కాదు, రోడ్డును చూసి పెట్టింది. కాబట్టి పంట మీద బతికేవాడు పట్నం పక్క భూమిని కొనలేడు. ఇక్కడ కౌలు ఒక్కటే దారి. పట్నానికి దూరంగా, భూమి ధర పంటకు కొంచెమైనా దగ్గరగా ఉన్నచోట మాత్రం కొనడం కూడా సాధ్యమే. సంఘాల చరిత్రలో ఈ రెండు దారులూ కనిపిస్తాయి.

ఒంటరి కౌలుదారు కష్టం

కౌలు అంటే ఏమిటో మనలో చాలామందికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మాలో ఒకరి ఇంట్లో జరిగిన సంగతి ఇది. రెండేళ్ళు కష్టపడి రాళ్ళు ఏరి, పెంట తోలి, పడావు పడ్డ చెలకను సాగులోకి తెచ్చారు. మూడో ఏడు పంట బాగా రాగానే భూమి గలాయన 'ఇక మేమే చేసుకుంటాం' అన్నాడు. చేతిలో కాగితం లేదు. అడగడానికి మాట లేదు. ఆ ఏడు వాళ్ళ నాన్న అదే చేలో కూలికి వెళ్ళాడు.

ఇలాంటి కష్టాలను విడదీసి చూస్తే నాలుగు తేలుతాయి. ఒకటి, కౌలు ముందే కట్టాలి, అప్పటికి ఇంట్లో పైసా ఉండదు. రెండు, మాట తప్ప రాత లేదు. మూడు, పట్టా లేదు కాబట్టి బ్యాంకు అప్పు ఇవ్వదు, నష్టపరిహారం వచ్చినా పట్టాదారు ఖాతాలోకే వెళుతుంది. నాలుగు, ఏడాదికొకసారి భూమి మారుతుంది కాబట్టి నేలను బాగుచేసుకోవాలన్న ఆశ ఉండదు.

రాత ఎందుకు లేదన్న దానికి ఒక చరిత్ర ఉంది. తెలంగాణ ప్రాంతానికి 1950లోనే హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. కౌలుదారును వెళ్ళగొట్టకుండా కాపాడటానికే అది పుట్టింది. రక్షిత కౌలుదారులుగా నమోదైనవారికి తర్వాత 38-ఇ సెక్షన్ కింద యాజమాన్య హక్కు పత్రాలు కూడా ఇచ్చారు. మంచిదే. అయితే అప్పటి నుంచి భూమి గలవారి మనసులో ఒక భయం నాటుకుంది. 'కాగితం రాసిస్తే భూమి పోతుంది' అని. అందుకే నోటిమాట కౌలు, ఏడాదికొక మనిషి. కాపాడే చట్టం ఉన్నా, పేరు రాతలోకి ఎక్కని మనిషిని అది కాపాడలేకపోయింది.

ఈ చిక్కు విప్పడానికి 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అధీకృత సాగుదారుల చట్టం తెచ్చారు. యజమాని హక్కుకు భంగం లేకుండానే కౌలు రైతుకు ఏడాది పాటు చెల్లే రుణ అర్హత కార్డు ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. తెలంగాణ వచ్చాక అది చాలాచోట్ల పక్కన పడింది. 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారులకే గాని కౌలు రైతులకు రాలేదు. 2020లో వచ్చిన ధరణిలో పాత పహాణీలో ఉండే అనుభవదారు గడి కూడా లేకుండాపోయింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. పేర్లు ఎన్ని మారినా దున్నేవాడు ఒంటరిగా ఉన్నంతకాలం కాగితం వాడి దాకా రావడం కష్టం.

పోచంపల్లి చెప్పిన పాఠం

మనకు దగ్గరలోనే భూమి చరిత్రలో దేశమంతా చెప్పుకునే ఊరు ఒకటి ఉంది. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం ముగించుకుని ఆచార్య వినోబా భావే కాలినడకన తెలంగాణ పల్లెల్లోకి బయల్దేరారు. అప్పటికి తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా చల్లారలేదు. ఏప్రిల్ 18న పోచంపల్లి దళితవాడలో 'మీకేం కావాలి?' అని అడిగితే, 80 ఎకరాల భూమి ఇప్పిస్తే బతుకుతామని అక్కడి కుటుంబాలు అడిగాయి. సభలో ఉన్న వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టింది. ఆ ఊరు భూదాన్ పోచంపల్లి అయింది.

ఆ రోజు జరిగింది గొప్ప సంగతి. దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ తర్వాత దేశమంతా దానంగా వచ్చిన లక్షల ఎకరాల్లో చాలా భాగం సాగుకు పనికిరానిదో, తగాదాలో ఉన్నదో, పంచకుండా మిగిలిపోయినదో అయింది. మన రాష్ట్రంలో 1965లో భూదాన, గ్రామదాన చట్టం చేసినా, పట్నం పెరిగేకొద్దీ హైదరాబాద్ చుట్టూ ఉన్న భూదాన భూముల మీద వివాదాలు లేచి కోర్టులకు ఎక్కాయి. 1973 భూసంస్కరణల చట్టం కింద మిగులు భూములు పంచారు. పేదలకు అసైన్ చేసిన భూములు చేతులు మారకుండా 1977లో మరో చట్టం చేశారు. అయినా అప్పుల్లో, అవసరాల్లో ఎన్నో ఎకరాలు చేజారాయి.

దీని నుంచి మాకు అర్థమైంది ఇది. భూమి చేతికి రావడం సగం పనే. దాన్ని నిలబెట్టుకోవడానికి విత్తనం కావాలి, ఎద్దో ట్రాక్టరో కావాలి, పంట పోయిన ఏడు ఆదుకునే చేయి కావాలి, హద్దు జరిపినవాడిని అడగడానికి పదిమంది కావాలి. డాక్టర్ అంబేద్కర్ 1918లోనే చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో భూమి విస్తీర్ణం ఒక్కటే చూస్తే చాలదనీ, దానికి తగిన పెట్టుబడి, పనిముట్లు ఉన్నాయా అన్నది చూడాలనీ వాదించారు. 1947లో 'రాష్ట్రాలు, మైనారిటీలు' అన్న పత్రంలో భూమిని ప్రభుత్వమే సొంతం చేసుకుని, కులభేదం లేకుండా గ్రామస్తులకు సమష్టి క్షేత్రాలుగా సాగుకు ఇవ్వాలని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన అమలు కాలేదు. కానీ విడివిడిగా పేదవాడు భూమిని నిలుపుకోవడం కష్టమన్న ఎరుక అందులో ఉంది.

జహీరాబాద్ అక్కలు చేసిన పని

కలిసి భూమి సంపాదించడానికి మన దగ్గర మంచి ఉదాహరణ జహీరాబాద్ ప్రాంతం. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా. 1983లో అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన వారిలో ముఖ్యులు పి.వి.సతీష్, ఆయన 2023లో కన్నుమూశారు. ఊరూరా మహిళల సంఘాలు ఏర్పడ్డాయి. సభ్యుల్లో ఎక్కువమంది చదువు రాని దళిత స్త్రీలు. కూలికి వెళ్ళే ఆ అక్కలు వారానికింత దాచుకుంటూ మొదలుపెట్టి, కౌలు దాకా వచ్చారు.

1989 ప్రాంతంలో సంఘంగా కౌలుకు పట్టడం మొదలైంది. భూమిని చూసి రావడం, నేల ఎలాంటిదో తేల్చడం, భూమి గలాయనతో బేరం చేయడం అన్నీ వాళ్ళే చేశారు. ఒక్కతే వెళ్ళి అడిగితే గడప బయట నిలబెట్టే ఇంటికి పదిమంది కలిసి వెళ్ళారు. కౌలు సొమ్ములో కొంత తమ పొదుపు, మిగిలింది సంస్థ ఇచ్చిన అప్పు. పనిని పంచుకున్నారు. పంటను పంచుకున్నారు.

రెండో అడుగు కొనడం. షెడ్యూల్డు కులాల సహకార ఆర్థిక సంస్థ దగ్గర భూమి కొనుగోలు పథకం ఉండేది. అందులో సగం సొమ్ము గ్రాంటు, సగం చాలా ఏళ్ళలో తీర్చే అప్పు. సంఘాలు 1995 నుంచి దీన్ని వాడుకున్నాయి. ఏ భూమి కొనాలో సంఘమే వెతుక్కుని దరఖాస్తు పెట్టేది. కొన్న భూమిని తలా సుమారు ఎకరం చొప్పున ఒక్కో మహిళ పేరున రిజిస్టరు చేయించుకుని, సాగు మాత్రం కలిసి చేశారు. ఇలా 400 మందికి పైగా మహిళలు దాదాపు 550 ఎకరాలకు హక్కుదార్లయ్యారు. ఇక్కడ ఒక మెలకువ గమనించండి. పట్టా విడివిడిగా, పని కలివిడిగా. పేరు తనది కాబట్టి ఎవరూ వెళ్ళగొట్టలేరు. పని అందరిదీ కాబట్టి ఎవరూ ఒంటరిగా మునిగిపోరు.

మూడోది పడావు భూములు. చిన్న చెక్క పట్టా ఉన్నా పెట్టుబడి లేక బీడు పెట్టుకున్న కుటుంబాలకు 1990ల నడుమ సంఘాలు ఒక ఏర్పాటు చేశాయి. బీడు దున్నుకోవడానికి అప్పు ఇస్తారు, తీర్చేది మాత్రం జొన్నల్లో. ముప్పైకి పైగా ఊళ్ళలో రెండు వేలకు పైగా ఎకరాలు ఇలా సాగులోకి వచ్చాయి. వచ్చిన జొన్నలను ఊళ్ళోనే నిలవచేసి, పని దొరకని కాలంలో పేద ఇళ్ళకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు మరీ పేదవారో తేల్చింది కూడా ఊరి అక్కలే. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ప్రకటించింది.

వెలుగు నాటి సంగతి

డ్వాక్రా సంఘాల గురించి మన అమ్మలను అడిగితే మనకంటే బాగా చెబుతారు. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడి, వెలుగు పేరుతో, ఆ తర్వాత ఇందిర క్రాంతి పథం పేరుతో పనిచేసింది. ఆ పథకంలో భూమి కొనుగోలు కూడా ఒక భాగమని చాలామందికి తెలియదు. అమ్మడానికి ఇష్టపడిన వారి దగ్గర సంఘ మహిళలే బేరమాడి కొనేవారు. రేటు సరైనదేనా, నీటి వసతి ఉందా, పత్రాలు సరిగ్గా ఉన్నాయా అన్నది సమాఖ్య సరిచూసేది. పట్టా మహిళ పేరున. కొన్నది వేల ఎకరాల్లోనే, అవసరం లక్షల కుటుంబాలది. అందుకని ఆ పథకం అన్నీ మార్చేసిందని చెప్పలేం.

కానీ ఆ పనిలో తేలిన ఇంకో నిజం మాకు ముఖ్యంగా తోచింది. కొత్తగా భూమి కొనడం కంటే, పేదలకు ఇదివరకే ఉండి కాగితం చిక్కుల్లో పడ్డ భూమిని విడిపించడం చవక. పట్టా ఒకరి పేర, సాగు ఒకరిది. తాత పేరు మీద ఉండిపోయిన పాసుబుక్కు. అసైన్ చేశారు గాని చూపించని హద్దు. సాదా బైనామా మీద కొని రికార్డుకెక్కని ఎకరం. వీటిని పరిష్కరించడానికి పల్లెల్లో చదువుకున్న యువతీయువకుల్ని ఎంచి, భూమి చట్టాలు నేర్పి పారాలీగల్స్‌గా, కొలత నేర్పి కమ్యూనిటీ సర్వేయర్లుగా తయారుచేశారు. వాళ్ళు తహశీల్దారు కార్యాలయంలో రికార్డు వెతికి, దరఖాస్తు రాసి, పేదవాడి పక్కన నిలబడ్డారు. మనలాంటి పిల్లలే వాళ్ళు. ఈ మాట చివర మళ్ళీ తలుచుకుందాం.

రాష్ట్రం వచ్చాక 2014 ఆగస్టు 15న భూమి లేని దళిత కుటుంబాలకు మూడెకరాల పథకం మొదలైంది. ప్రభుత్వం కొని ఇవ్వాలి. ఇస్తామన్న రేటుకు మంచి భూమి అమ్మేవారు చాలాచోట్ల దొరకలేదు. వేలమందికి అంది అక్కడే నెమ్మదించింది. పై నుంచి కొనిపెట్టే పథకానికి ధర అడ్డమైంది. ఊళ్ళో ఎవరు అమ్ముతారో, ఎవరి నేలలో నీరుందో కచ్చితంగా తెలిసేది ఊరి సంఘానికే.

కేరళలో నిలిచింది, మన దగ్గర తడబడింది

కలిస్తే చాలు అన్నీ అవుతాయని రాస్తే మేము అబద్ధం చెప్పినట్టే. 2001లో ఆంధ్రప్రదేశ్ మహిళా సమత సొసైటీ ద్వారా, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో, తెలంగాణ జిల్లాల్లో వందల ఊళ్ళలో మహిళల ఉమ్మడి సాగు మొదలుపెట్టారు. దాన్ని సమత ధరణి అన్నారు. కొన్నేళ్ళకు ప్రాజెక్టు ముగియగానే చాలా సంఘాలు ఆగిపోయాయి. కొన్ని మాత్రం నిలిచాయి.

కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ కింద నాలుగు నుంచి పదిమంది మహిళలు జట్టుగా కౌలు సాగు చేస్తారు. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ ఈ రెండు రాష్ట్రాల జట్లనూ పోల్చి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. కేరళలో జట్టు సాగు దిగుబడి విలువ హెక్టారుకు విడి రైతులకంటే 1.8 రెట్లు ఉంది. తెలంగాణలో జట్ల దిగుబడి విడి రైతులకంటే బాగా తక్కువ. అయితే కూలీల ఖర్చు లేదు కాబట్టి చివరకు మిగిలింది మాత్రం ఇంచుమించు సమానం.

తేడా ఎందుకొచ్చింది? అక్కడ జట్టు చిన్నది, ఇక్కడ పెద్దది. పాతికమంది ఉంటే ఎవరు పనికి వచ్చారో ఎవరు రాలేదో అన్న తగవే సగం కాలం తింటుంది. అక్కడ అరటి, కూరగాయల వంటి అమ్మకపు పంటలు, ఇక్కడ వానమీద ఆధారపడ్డ తిండి గింజలు. అక్కడ నాబార్డు ద్వారా బ్యాంకు రుణం, శిక్షణ, పంచాయతీ మద్దతు అందాయి. ఇక్కడ దళిత మహిళలకు మంచి నేల కౌలుకివ్వడానికి భూమి గలవారు ముందుకు రాలేదు, ఎవరికీ అక్కర్లేని నేలే దక్కింది. దక్కిన నేలలో వాళ్ళు చేతనైనంత చేశారు. ఓడింది మన అక్కలు కాదు, వాళ్ళకు దక్కిన నేల, అందని అప్పు.

సంఘం ఎలా పనిచేస్తుంది

ఈ అనుభవాలన్నీ కలిపి, మన ఊళ్ళో ఎవరైనా మొదలుపెట్టాలంటే పనికొచ్చేలా క్లుప్తంగా రాస్తున్నాం.

1. జట్టు చిన్నదిగా ఉండాలి. నలుగురి నుంచి పదిమంది చాలు. నాబార్డు ఉమ్మడి బాధ్యతా జట్ల పద్ధతి కూడా ఈ సంఖ్యకే ఉంది. పట్టా లేకపోయినా ఒకరికొకరు పూచీ పడితే బ్యాంకు అప్పు ఇవ్వడానికి ఇదే దారి.

2. ముందు పొదుపు, తర్వాత భూమి. ఆరు నెలలైనా కలిసి దాచుకోలేని జట్టు కలిసి దున్నలేదు.

3. పేరు నమోదు. 1964 సహకార సంఘాల చట్టం ఉంది. ప్రభుత్వ పెట్టుబడి, పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునేలా 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. జట్టు చిన్నగా ఉన్నప్పుడు డ్వాక్రా సంఘం, గ్రామ సమాఖ్య చాలు. నాలుగైదు జట్లు కలిసి ఎదిగినప్పుడు ఈ చట్టాలు చూసుకోవచ్చు.

4. కాగితం. ఎన్నేళ్ళు, ఎంత కౌలు, ఎప్పుడు కట్టాలి, బోరు చెడితే ఎవరు బాగుచేయించాలి, మధ్యలో భూమి అమ్మితే నిలబడి ఉన్న పంట సంగతేమిటి అన్నవి రాసుకోవాలి. భూమి గలాయన భయం కూడా తీర్చాలి. 'మీ యాజమాన్యం మీదే, మాకు సాగు మాత్రమే' అని రాసి, సమాఖ్య సాక్షి సంతకం పెడితే, ముక్కూమొహం తెలియని ఒక్కడికి ఇవ్వడానికి జంకేవాడు కూడా మూడేళ్ళకు ఒప్పుకునే అవకాశం ఉంటుంది.

5. కొనేటప్పుడు జాగ్రత్త. సర్వే నంబరు, పాత పహాణీలు, ఇ.సి. చూడకుండా బయానా ఇవ్వకూడదు. అసైన్డ్ భూమి, భూదాన భూమి, సీలింగు మిగులు, వక్ఫ్, దేవాదాయ భూమి కాదని తేల్చుకోవాలి. చవగ్గా వస్తోందంటే ముందు అనుమానించాలి.

6. లెక్క. పనిరోజుల హాజరు, ఖర్చు, అమ్మకం రాసే పుస్తకం ఒకటి ఉండాలి. నెలకోసారి అందరి ముందూ చదవాలి.

ఇందులో లాభమెక్కడ అని అడగవచ్చు. ఇదీ అర్థం కావడానికి వేసిన లెక్కే. ఆరెకరాల చెక్క, ఎకరానికి 10 వేల కౌలు. ఆరుగురు ఉంటే తలా 10 వేలు. విడిగా పట్టినా అంతే కదా? కాదు. విడిగా వెళ్ళేవాడు ఆ 10 వేలను నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు. పది నెలలకు వడ్డీ 3 వేలు. సంఘంలో ఒక రూపాయి వడ్డీకి దొరికితే 1,000. ఆరుగురికీ కలిపి మిగిలింది 12 వేలు. ట్రాక్టరు ఆరుసార్లు రావడం బదులు ఒకేసారి వస్తుంది. వంకాయ గంపలు ఆరు ఆటోల్లో కాకుండా ఒక్క బండిలో రైతు బజారుకు వెళతాయి. ఒకరింట్లో జ్వరమొస్తే మిగిలిన ఐదుగురూ కలుపు తీస్తారు. ఈ చివరిదానికి వెల కట్టలేం.

బయటి దేశాల్లో

ఇది మన ఒక్కరి బాధ కాదు. ఇటలీలో వందేళ్ళకు ముందే భూమి లేని కూలీలు సహకార సంఘాలు పెట్టుకుని పెద్ద కమతాలను సమష్టిగా కౌలుకు పట్టారు. ఫ్రాన్స్‌లో 2003లో 'తెర్ ద లియాన్' అనే ఉద్యమం మొదలైంది. వేలమంది మామూలు మనుషులు చిన్న చిన్న వాటాలుగా సొమ్ము వేస్తారు. ఆ సొమ్ముతో పొలాలు కొని, అమ్మకుండా ఉంచి, సాగుచేసే రైతులకు దీర్ఘకాలం కౌలుకిస్తారు. భూమి ధర ఎంత పెరిగినా ఆ పొలం మళ్ళీ బేరానికి రాదు. పట్నం అంచున ఉన్న మనకు ఇది ఆలోచించదగిన మాట. ఉద్యోగాలు చేస్తున్న మన పూర్వ విద్యార్థులు వందమంది ఊరి దగ్గర ఒక చెక్క ఇలా నిలబెట్టలేరా అని మాలో మేము చాలా రాత్రులు మాట్లాడుకున్నాం.

మన వంతు

మిత్రులారా, భూమి సంగతి పెద్దవాళ్ళదని, మనం చదువుకుని ఉద్యోగం తెచ్చుకుంటే చాలని మేమూ అనుకునేవాళ్ళం. కానీ సంఘాలు ఎక్కడ గెలిచాయో చూస్తే అక్కడ పుస్తకం రాసే ఒక చేయి, పహాణీ చదివే ఒక కన్ను తప్పకుండా ఉన్నాయి. వెలుగు నాటి పారాలీగల్స్ చేసిన పని అదే. మన ఇళ్ళల్లో ఆ చేయి, ఆ కన్ను మనమే.

కాబట్టి ఈ దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మూడు పనులు చేద్దాం. మన నాన్న సాగు చేసే నేల సర్వే నంబరు ఏమిటో, అది ఎవరి పేర ఉందో చూద్దాం. మన ఇంటి పెట్టెలో ఉన్న పాత పాసుబుక్కులు, రశీదులు, సాదా కాగితాలు తీసి ఒక నోటుబుక్కులో వరసగా రాద్దాం. అమ్మ సంఘం మీటింగుకు వెళ్ళి ఒక్కసారి మినిట్స్ పుస్తకం రాసిపెడదాం. ఇవి డబ్బు అడిగే పనులు కావు. న్యాయశాస్త్రం చదువుతున్న అన్నలు, అక్కలు నెలకొక ఆదివారం హాస్టల్‌కు వచ్చి పహాణీ చదవడం నేర్పితే మేము రుణపడి ఉంటాం.

వచ్చే జూన్‌లో మళ్ళీ ఆ బెంచీ మీద కూర్చుంటాం. 'తండ్రి వృత్తి' గడీ వస్తుంది. 'ఎన్ని ఎకరాలు తమ్మీ?' అని అడిగితే, 'మా అమ్మ వాళ్ళ సంఘం ఆరెకరాలు కౌలుకు పట్టిందన్నా, కాగితం కూడా ఉంది' అని ఒక్క తమ్ముడు తలెత్తి చెప్పినా ఈ వ్యాసం రాసినందుకు మాకు అది చాలు.